మూడో వన్స్‌మోర్

నేను ఒక కిరీటాన్ని. నిజమైన రాజులెవరూ నన్ను పెట్టుకోలేదు కాబట్టి ఇన్నాళ్లు బతికి బట్టకట్టాను. కొండపల్లిలో బొమ్మలు చేసే ముసలాయన నన్ను తేలికపాటి పొణికి కర్రతో చెక్కి, తళుకు కాగితం అంటించి, నుదుటి దగ్గర ఎర్ర గాజుపూస పొదిగాడు. దూరం నుంచి బంగారాన్ని. దగ్గరకు వస్తే జిగురు వాసన. నాటకాల వాళ్ల సంగతీ ఇంచుమించు అంతే.

నన్ను కొన్నది కోరాడ వెంకటాచలం గారు. నాటక సమాజానికి యజమాని ఆయనే, రాజూ ఆయనే, సమాజంలో అందరూ పిలిచే పంతులు గారూ ఆయనే. అరవై దాటినా పాతికేళ్ల రాజుగానే ఊరూరా తిరిగేవారు. పొట్టను నడికట్టుతో బిగించేవారు. పళ్లు లేక మాట జారిన చోట రాగం పెంచేవారు.

రాజ్యం పోయిన రాజు, కిరీటం రాణి చేతిలో పెట్టి అడవికి పోయే ఘట్టమంటే ఆయనకు ప్రాణం. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అనేవారు. అప్పుడు అడవికి పోయిన రాజు వెనక్కి రావాలి. రాణి ఏడుపు ఆపి నన్ను తిరిగి ఆయన చేతికివ్వాలి. ఆయన పెట్టుకుని, పాడి, తీసి, మళ్లీ వెళ్లాలి. విడిపోయినవాళ్లకు ఇటువంటి సదుపాయం లోకంలో ఇంకెక్కడా లేదు. జనం అడగడం మరిచిపోతారేమోనని ఆయన సమాజం వెంట తిరిగే సోడాల సుబ్బయ్యనూ అతని స్నేహితులనూ ముందు వరసలో టిక్కెట్టు లేకుండా కూర్చోబెట్టేవారు.

రాణి వేషం పూర్ణమాణిక్యానిది. పడుచుదనమంతా రైళ్లలోనే గడిచింది. ఇక బొబ్బిలిలో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ ఒకచోట ఉంటానని ఎన్నోసార్లు అడిగింది. ఆయన విననట్టు నటించేవారు. ఆయన నటనలో సహజంగా ఉండేది అదొక్కటే.

చివరకు తెనాలి ఆటతో మానేస్తానంది. రాజు అడవికి పోయే ఘట్టంతో ఆమె వేషం అయిపోతుంది. ఆమెను స్టేషనుకు తీసుకెళ్లే బండి తెర వెనకే సిద్ధంగా ఉంది.

ఆట మొదలయ్యే ముందు వెంకటాచలం గారు సుబ్బయ్యను పక్కకు పిలిచారు.

"రైలు కూత వినపడకముందే వన్స్‌మోర్ ఆపావంటే, ఇక నువ్వు టిక్కెట్టు కొనుక్కోవడమేరా."

నేను ఆయన నెత్తి మీదే ఉన్నాను. ఏం చెయ్యను?

మొదటి వన్స్‌మోర్‌కు మాణిక్యం నన్ను తిరిగిచ్చింది. రెండోసారి ఇస్తూ బండివైపు చూసింది. మూడోసారి అరిచింది సుబ్బయ్య జట్టు మాత్రమే. జనం విసుక్కున్నారు. రాజుగారు మాత్రం వెనక్కి వచ్చి చెయ్యి చాచారు.

ఆమె ఆ చేతికి ఇవ్వలేదు. దగ్గరకు వచ్చి, తానే నన్ను ఆయన నెత్తిన పెట్టి, జారిన విగ్గు సర్దింది. జనానికి వినపడకుండా అంది:

"ఇన్నేళ్లూ వెళ్లింది మీరే గదండీ, పంతులు గారూ. ఇయ్యాళ నన్ను వెళ్లనివ్వండి."

ఆమె పక్కతెర దాటింది. రాణి పోవడం, రాజు ఉండిపోవడం ఏ నాటకంలోదో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుబ్బయ్య విశ్వాసంగా నోరు తెరిచాడు.

వెంకటాచలం గారు చెయ్యెత్తి వద్దన్నారు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ఎవరో జమీందారు కిరీటమని చీటీ అంటించారు. జనం వస్తారు, తలూపుతారు, పోతారు. పోయేవాళ్లను చూస్తే నాకు ఆనాటి రైలు కూతే గుర్తొస్తుంది. వెంకటాచలం గారూ నేనూ రంగం మీదే ఉండి విన్నాం. అది రైలు వస్తున్న కూతో, వెళ్లిపోతున్న కూతో నాకిప్పటికీ తెలియదు. ఆమెకు రైలు అందిందో లేదో.