ఎడమ పక్కన ఏముందో

ఆకులు పండి రాలే ఆ రెండు నెలల్లో, రిటైరైన బస్సు డ్రైవరు తొమ్మిది చోట్ల గుడారం వేశాడు, తొమ్మిది చోట్లా పీకేశాడు. ఆయన భార్య ఆసుపత్రి వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, ఆయనతోపాటే ఉద్యోగం నుంచి దిగిన మనిషి. మొదటి రెండు చోట్లా నవ్వుకుంది. ఐదో చోటికి వచ్చేసరికి ఆమెకు ఓపిక సన్నగిల్లింది. తాడు మీద వేసిన తువ్వాళ్లు ఆరకముందే మూట కట్టాల్సి వస్తోంది.

"కొండ అవతల ఇంకో చెరువుందట. రేపు పొద్దున్నే పోదాం" అనేవాడాయన.

"ఇక్కడున్న చెరువు మీకేం అపకారం చేసింది?"

"ముప్పై ఒక్క ఏళ్లు ఒకటే రూటు నడిపాను. మార్కెట్ నుంచి మిల్లు, మిల్లు నుంచి మార్కెట్. ఇప్పుడైనా నాలుగు చోట్లు చూడనీ."

అలవాటు పడ్డ ప్రాణం, స్టాపులో ఎక్కువసేపు నిలవలేకపోతోంది అనుకుంది ఆమె. టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఆయన మోకాలు ఆగకుండా ఊగేది. తెల్లవారకముందే లేచి చాప చుట్టేసేవాడు. ఏదైనా చూడాలంటే మెడ మొత్తం తిప్పేవాడు. మెడ పట్టేసిందేమోనని ఆమె రోజూ మందు రాసింది. వాళ్లు తిరిగే వ్యాన్‌కి ఎడమవైపు కొత్త గీతలు పడితే, "కొమ్మలు తగిలాయిలే" అన్నాడు, ఆమె నమ్మింది.

పదో చోటికి కూతురు వచ్చింది. కూతురు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాలుగు రోజులు సెలవులు రాగానే తన ఏడేళ్ల కూతుర్ని, దాని చిన్న సైకిల్ని కారులో వేసుకుని చెరువు గట్టుకి చేరింది. అల్లుడికి షిఫ్టు కుదరలేదు. మనవరాలి అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉంది, తాతకు మాత్రం అది బుడంకాయ.

ఒక్క పూట అందరూ హాయిగా ఉన్నారు. మర్నాడు పొద్దున కోడిగుడ్లు ఇంకా పెనం మీద ఉండగానే ఆయన చేతులు దులుపుకుని లేచాడు.

"జలపాతం దాకా పోయొద్దాం. బండి తిప్పుతాను."

"నాన్నా, నిన్ననేగా వచ్చాం. కాసేపు కూర్చో" అంది కూతురు.

"కూర్చుంటే పొద్దు ఆగుతుందా?" అంటూనే ఆయన వ్యాన్ ఎక్కి వెనక్కి తీశాడు.

ఇనుము నలిగిన చప్పుడైంది. చేతిలోని గరిట ఎక్కడ పడేసిందో నర్సుకు తెలియదు. పరిగెత్తి వెళ్లేసరికి ఎడమ వెనక చక్రం కింద ఎర్ర సైకిలు రెండుగా ముడుచుకుపోయి ఉంది. రాలిన ఆకులు ఏరుకోవడానికి ఆ క్షణమే సైకిలు దిగిన పిల్ల, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

"తాతయ్యా, నేను చెయ్యి ఊపాను. నువ్వు చూడలేదా?"

కూతురు పిల్లను ఎత్తుకుని గుండెలకు అదుముకుంది. డ్రైవరు దిగి సైకిలు వైపు చూశాడు. "అద్దానికి మంచు పట్టింది" అన్నాడు.

నర్సు ఎడమ అద్దం దగ్గరికి వెళ్లి వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. ఆయన్ని మడత స్టూలు మీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

"నా ముక్కు వైపే చూడండి. చెయ్యి కనబడగానే చెప్పండి."

కుడి పక్క నుంచి చెయ్యి తెచ్చింది. "కనబడింది" అన్నాడు వెంటనే. ఎడమ పక్క నుంచి తెచ్చింది. చెయ్యి చెవి దాటింది, కణత దాటింది. ఆయన అలాగే ఆమె ముక్కు వైపు చూస్తున్నాడు. కంటి ముందుకి వచ్చాకగానీ ఆయన నోరు కదల్లేదు.

"ఎన్నాళ్లయింది?"

"నీటికాసులట. ఎండాకాలం చివర్లో కళ్ల డాక్టరు చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోమని చుక్కలిచ్చాడు. బండి ముట్టుకోవద్దన్నాడు."

"చుక్కలేవి?"

"వేసుకుంటున్నాను. బండి రిపేరు పానాల పెట్టెలో దాచాను."

ఎందరో రోగుల మొహం చూసి ఎక్కడ నొప్పో చెప్పిన మనిషి ఆమె. పక్కనే పడుకున్నవాడి చూపు సగం పోతే మెడకు మందు రాస్తూ కూర్చుంది. ఆ సిగ్గుకి కోపం రెట్టింపయింది.

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే తాళాలు లాక్కుంటావు."

"లాక్కుంటాను." ఆమె చెయ్యి చాపింది.

ఆయన తాళాలు తీశాడుగానీ వెంటనే ఇవ్వలేదు. "పూర్తిగా కనబడకుండా పోయేలోపు చూడగలిగినన్ని చూద్దామనుకున్నాను. ఇవి ఇచ్చేస్తే ఇంక నేనేం డ్రైవర్ని? నన్నేమనాలి మీరు?"

ఆమె తాళాలు తీసుకుని చెరువు గట్టు మీద చాలాదూరం నడిచింది. తిట్టాలని మాటలు పేర్చుకుంది, మళ్లీ చెరిపేసుకుంది. కూతురు వెనకే వచ్చింది.

"అమ్మా, మీ ఇద్దర్నీ కారులో ఇంటికి దింపేస్తాను. వ్యాన్ సంగతి తర్వాత చూద్దాం."

నర్సు వెనక్కి తిరిగి చూసింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు, వ్యాన్ చుట్టూ తిరిగాడు, గీతల మీద గుడ్డ రాశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఈ మనిషిని నాలుగు గోడల మధ్య ఎలా ఉంచాలో ఆమెకు తోచలేదు.

"వ్యాన్ నేను నడుపుతాను."

"నువ్వు స్టీరింగ్ పట్టుకుని ఇరవై ఏళ్లయింది."

"లైసెన్సు బతికే ఉంది. నువ్వు పక్కన కూర్చో."

వయసులో ఉండగా ఆమె ఆసుపత్రి వ్యాన్ నడిపింది. ఇంట్లో ఇద్దరు డ్రైవర్లుంటే హారన్లు తప్ప మాటలుండవని ఆయన నవ్వితే, తనే మానేసింది. ఇప్పుడు గట్టు పక్క మైదానంలో రెండు రోజులు తంటాలు పడింది. ఇంజను పదిసార్లు ఆగిపోయింది. ఆయన మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడి, "క్లచ్ మెల్లగా వదులు, పారిపోదు" అని అరిచాడు.

"తాతయ్యా, అమ్మమ్మ వ్యాన్‌కి ఎక్కిళ్లొస్తున్నాయి" అంది పిల్ల. ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది, పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.

సెలవులయ్యాక కూతురు వెళ్లిపోయింది. నర్సు నేరుగా కళ్ల డాక్టరు ఊరికి బయలుదేరింది. పక్క సీట్లో ఆయన లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాడు.

"థర్డ్‌లో వెయ్యి. ఆ లారీని ముందు పోనీ."

ఆమె బండి పక్కకు ఆపింది. "డ్రైవరుతో మాట్లాడరాదు అని మీ బస్సులో రాసి ఉండేది, గుర్తుందా?"

"ఎవరూ వినేవాళ్లు కాదు" అన్నాడాయన.

డాక్టరు చుక్కలు మార్చాడు, మూడు నెలలకోసారి రమ్మన్నాడు. ఆమె అడిగిన ప్రశ్నలకు డాక్టరు జవాబులు చెప్పేసరికి బయట క్యూ పెరిగింది.

వానలు పడేదాకా వాళ్లు ఇంకో మూడు చోట్లకు వెళ్లారు. ఆయన కుదురుగా కూర్చున్నాడని ఎవరూ అనలేరు. తెల్లవారకముందే లేచి వ్యాన్ చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, ఆమె లేచేదాకా నాలుగుసార్లు గుడారంలోకి తొంగిచూసేవాడు.

"ఇవాళ ఉందామా, పోదామా?" అని అడిగేవాడు.

కొన్ని పొద్దులు ఆమె పోదామనేది. కొన్ని పొద్దులు దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఇంకో గంట ఆగమనేది. ఆ గంటా ఆయన బయట తిరుగుతూనే ఉండేవాడు.