గోడవతల సినిమా

“టీ కాస్త త్వరగా ఇవ్వు, ఈలోగా దెయ్యం వచ్చేస్తుంది” అని ముందుగది నుంచి కేక వేశారు మా ఆయన.

శనివారం సాయంత్రం. కిటికీలకు ముదురురంగు దుప్పట్లు కట్టి, ప్రొజెక్టర్ గోడ మీదికి తిప్పి, ఆయనా ఆయన ఆఫీసు స్నేహితులూ సినిమా చూస్తున్నారు. నేను వంటింట్లో అల్లం దంచుతున్నాను. దంచే చప్పుడు ఎక్కువైతే లోపలి నుంచి “ష్” అంటారు. అందుకని కిందో తడిగుడ్డ మడిచి పెట్టుకున్నాను.

మా ఇంట్లో శనివారాలు ఇలాగే గడుస్తాయి. వాళ్లకు ఒళ్లు జలదరించేవే కావాలి. దెయ్యాలవీ, హత్యలవీ, అంతరిక్షంలో దారి తప్పినవాళ్లవీ. వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది ఇటుక మందం గోడ. సినిమా అంతా నాకు వినిపిస్తుంది. కనిపించేది మాత్రం కప్పులు అందించడానికి వెళ్లినప్పుడు తలల మధ్య నుంచి దొరికే ముక్కే. సగం మొహం, ఒక తలుపు గొళ్లెం, నీళ్లలోంచి పైకి లేచిన చెయ్యి. “అడ్డు, అడ్డు” అంటారు ఎవరో ఒకరు. గోడ మీద నా నీడ పడుతోందన్నమాట. నడుం వంచి బయటికి వచ్చేస్తాను. మిగతా సినిమా పొయ్యి ముందు నిలబడి నేనే అల్లుకుంటాను. తలుపు కిర్రుమంటే ఎలాంటి తలుపో, ఆ ఇంట్లో వెలుతురు ఎటునుంచి పడుతుందో, అరిచిన ఆవిడ ఏ చీకటిని చూసి అరిచిందో అన్నీ నా ఇష్టం.

వినడం నాకు అలవాటైన పనే. ఒక చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. అద్దం బిగించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, బయట నుంచి శబ్దాలు పంపిస్తాను. వినిపించినప్పుడల్లా చెయ్యెత్తాలి. చెయ్యి లేవడం మానేసేదాకా శబ్దం తగ్గించుకుంటూ పోతాను. ఎంతవరకు వినిపించిందో కాగితం మీద నేను గీసిన గీతను చూసి డాక్టరుగారు సంతకం పెడతారు. “మా అమ్మాయి గీస్తుంది, నేను చూస్తాను” అని పేషెంట్లకు చెబుతారు. నాకు నలభై దాటాయి. నా కూతురు హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతోంది. అయినా అక్కడ నేను అమ్మాయినే. “ఈయనకి నా మాట తప్ప అన్నీ వినిపిస్తాయండీ” అంటూ భర్తల్ని వెంటబెట్టుకొచ్చే భార్యలు చాలామంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చాలాసార్లు పరీక్షలో ఆ చెవులకు ఏ లోపమూ కనిపించదు.

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం హాలుకు వెళ్లి చూసిన సినిమా ఒక్కటే. హత్యల సినిమా. ఇంటర్వెల్లో ఆయన వేరుశెనగల పొట్లం నా చేతిలో పెట్టి, కుర్చీలో నా వైపు పూర్తిగా తిరిగి, “చెప్పు, ఎవరు చంపుంటారు?” అన్నారు. నా అభిప్రాయం అడగడం అదే మొదలు.

“చనిపోయినాయన తమ్ముడు” అన్నాను.

“ఎలా చెప్పగలవు?”

“అందరూ ఏడుస్తున్నప్పుడు అతని గొంతు మాత్రం కాస్త ముందే వణికింది.”

ఆయన పెద్దగా నవ్వారు. చివరికి తమ్ముడే అని తేలింది. ఇంటిదాకా నడిచి వచ్చాం. దారి పొడుగునా ఆయన పెదవి విప్పలేదు. తాళం తీస్తూ, “నీతో సినిమా చూడటం కష్టం” అన్నారు. మళ్లీ తీసుకెళ్లలేదు. నేనూ అడగలేదు. కానీ ఆయన నా వైపు తిరిగిన ఆ తిరగడం, “చెప్పు” అన్న ఆ మాట నాలో ఎక్కడో ఉండిపోయాయి. ఎన్నో శనివారాలు వంటింట్లో నిలబడి, సినిమా అయ్యాక స్నేహితులు వెళ్లిపోయాక, ఆయన ఒక్కసారి ఇటొచ్చి ఎలా ఉందని అడుగుతారేమోనని చెవి ఒగ్గి ఉన్నాను. ఆయన వచ్చేవారు. “కప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి” అని చెప్పి వెళ్లేవారు.

ఒకరోజు క్లినిక్‌కి ఒక పెద్దావిడను ఆమె కొడుకు తీసుకొచ్చాడు. పరీక్ష చేసి, చెవికి మిషన్ అమర్చాను. ఆవిడ చుట్టూ చూసి మొదట అడిగిన మాట, “ఇది పెట్టుకుంటే గుసగుసలు వినిపిస్తాయా తల్లీ?”

“మా అమ్మకి సినిమాల పిచ్చండీ” అన్నాడు కొడుకు సిగ్గుపడుతూ. “అదీ దెయ్యాలవి. ఈ వయసులో.”

“ఈ వయసులోనే చూడాలిరా. రేపోమాపో వాళ్లలో కలిసేదాన్ని, పద్ధతులు తెలుసుకోవద్దూ?” అంది ఆవిడ.

కొన్నాళ్లకు ఒక్కతే తిరిగి వచ్చింది. ఇంట్లో బాగానే ఉందట, హాల్లో మాత్రం అంతా గోలగోలగా ఉంటోందట. “నువ్వోసారి పక్కన కూర్చుని సరిచెయ్యి. నీ టిక్కెట్టు నాది” అంది. బుధవారం మధ్యాహ్నాలు డాక్టరుగారు ఆపరేషన్లకు వేరే ఆసుపత్రికి వెళతారు, క్లినిక్ మూసేస్తాం. ఆ పూట నేను ఇంటికెళ్లి వారంలో మిగిలిపోయిన పనులన్నీ నెత్తినేసుకునేదాన్ని. ఆ బుధవారం మా అత్తగారికి ఫోన్ చేసి, పని ఉంది, ఆలస్యమవుతుంది అన్నాను. పని మీదే వెళుతున్నానని నాకు నేనూ చెప్పుకున్నాను.

హాలు సగం ఖాళీ. దీపాలు ఆరాయి. పేర్లు పడటం దగ్గర నుంచీ ఒక సినిమా చూడటం ఎంతకాలమైందో. ఎవరూ అడ్డు అనలేదు. నా చేతులకు ఏం చెయ్యాలో తోచక ఒళ్లో ఊరికే పడున్నాయి. ఆట మధ్యలో ఆవిడ చెవి మిషన్ శబ్దం కాస్త తగ్గించి, మళ్లీ పెంచాను. గుసగుస వచ్చినప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకుని తృప్తిగా తలూపింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, “ఎలా ఉంది?” అంది.

మొదలుపెట్టాక ఆగలేదు. “ఆ దెయ్యం వంటిల్లంతా పగలగొట్టింది కదమ్మా, పొద్దున్నే ఆ గది అద్దంలా ఉంది. ఎవరు ఊడ్చారు? ఆ ఇల్లాలే ఊడ్చుంటుంది. నేనైతే అదే చూపించేదాన్ని. రాత్రంతా భయపడి, తెల్లారకముందే లేచి, మొగుడి కాలికి గుచ్చుకోకుండా గాజుముక్కలు ఏరడం. దెయ్యాన్ని చూసిందని ఎవరూ నమ్మకపోవడానికి కారణం అదే. సాక్ష్యం అంతా తనే తుడిచేసింది.”

పెద్దావిడ నన్ను తేరిపార చూసింది. “వచ్చే బుధవారం ఇంకోటి ఉంది” అంది.

అలా మొదలైంది. పోలీసు అధికారి పగ తీర్చుకునే సినిమా చూశాం. “ఆయన పెళ్లాం వడ్డించడానికి రెండుసార్లు వచ్చింది, మూడోసారి శవమైంది. ఆయనకి కోపం రావడం కోసం ఆవిడ చావాలి” అన్నాను. ఒకే రోజు మళ్లీ మళ్లీ తెల్లారే మగవాడి కథ చూశాం. వారం తిరక్కుండానే అతనికి పిచ్చెక్కిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే నాకు నవ్వాగలేదు. పక్కకు చూస్తే పెద్దావిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుదిలిపోతోంది. ఆ హాలు నుంచి బస్సు స్టాపు దాకా నడిచే దారిలో నేను మాట్లాడినంత, ఇంట్లో ఏడాదంతా కలిపినా మాట్లాడను. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఎక్కడో కలుక్కుమనేది. ఈ మాటలన్నీ ఎవరితో చెప్పాలని దాచుకున్నానో వాళ్లతో కాదు చెబుతున్నది.

ఒక శనివారం గోడవతల అంతరిక్షం సినిమా నడిచింది. ఓడలో ఒంటరిగా ఒక స్త్రీ. భూమి నుంచి మాటలు రావడం ఆగిపోయింది. యంత్రాల సన్నటి హోరు, ఆమె ఊపిరి, గిన్నెకు చెంచా తగిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను పొయ్యి ఆపేసి, గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. అంత హాయి అయిన నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

“ఏమీ జరగట్లేదు బాబూ, ముందుకు తిప్పండి” అన్నారు లోపల ఒక స్నేహితుడు. తిప్పేశారు. అంతలో టీ పొంగించి తీసుకెళ్లాల్సి వచ్చింది, తర్వాత బజారుకు పంపించారు. ముగింపు నాకు వినిపించలేదు. ఆ నిశ్శబ్దాన్నే పట్టుకుని వారాల తరబడి తిరిగాను. నా సినిమాలో ఆమె ఓడను ఇంకా దూరానికి తిప్పుకుంది.

ఆ శనివారం మర్నాడు కూరగాయలు తరుగుతుంటే, పక్కగదిలో ఎప్పుడూ కళ్లు మూసుకుని పడుకుని ఉండే మా అత్తగారు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. “నిన్న ఆ ఓడలో పిల్ల, చివరికి ఇల్లు చేరిందా?” అంది మెల్లగా. ఆవిడ గదికీ ముందుగదికీ మధ్య కూడా గోడే ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

“తెలీదత్తయ్యా” అన్నాను.

మేం వెళ్లే హాల్లో మధ్యాహ్నం ఆటకు కొన్ని నెలల కిందటి సినిమాలే వేస్తారు. ఆ సినిమా కూడా వచ్చింది. వాళ్లు తిప్పేసిన భాగం ఈసారి పూర్తిగా చూశాను. ఆమె తింది. తన ఒక్క గిన్నె కడుక్కుని బోర్లించింది. కిటికీ దగ్గర కూర్చుంది. అంతే. నేను అల్లుకున్నదానికంటే బాగుంది. నా కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ తర్వాత భూమి నుంచి ఆమె భర్త గొంతు వినిపించింది, పాప ఏడ్చింది, ఆమె కిందామీదా పడి ఓడను వెనక్కి తిప్పింది. ఆఖర్న గుమ్మంలో ముగ్గురూ కౌగలించుకున్నారు.

“మధ్యలో అంత సుఖంగా కూర్చున్నదాన్ని లేపి తెచ్చారు” అన్నాను మెట్ల మీద.

“నాకూ అట్లా కూర్చునే రోజులు వచ్చాయి తల్లీ” అంది పెద్దావిడ. “కానీ అప్పటికి మోకాళ్లు పోయాయి.”

ఇంటికెళ్లి అత్తగారి మంచం పక్కన నిలబడి, “చేరిందత్తయ్యా. ఇల్లు చేరింది” అన్నాను.

ఎలా తెలిసిందని ఆవిడ అడగలేదు. “అయ్యో పాపం” అంది, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

ఆ శనివారం స్నేహితులు వచ్చినప్పుడు మాటల్లో ఆ సినిమా ప్రస్తావన వచ్చింది. “ఏదేమైనా తల్లి మనసు. ఇంటికి రావాలన్న ఆ తపనే కథంతా” అన్నారు మా ఆయన. ఆయన చేతికి కప్పు అందిస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

“ఆమెకి రావాలని లేదండీ” అన్నాను. “మీరు తిప్పేసిన చోట అది తెలుస్తుంది.”

ఒక స్నేహితుడు “వదినగారు మంచి పాయింటే చెప్పారు” అని, ఎవరూ అందుకోకపోవడంతో కప్పులోకి చూసుకున్నాడు. వాళ్లు వెళ్లాక మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“ఎప్పుడు చూశావు?”

“బుధవారం. హాల్లో.”

“ఎవరితో?”

“మా పేషెంటు ఒకావిడ. పెద్దావిడ. చాలా నెలలుగా వెళుతున్నాం.”

ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు చేతులు జేబుల్లో పెట్టుకుని తీశారు. “నాతో చెప్పొచ్చు కదా. నేను తీసుకెళ్లేవాణ్ణి” అన్నారు. “ఈ బుధవారం సెలవు పెడతాను. ఇద్దరం వెళదాం” అన్నారు.

అది ఊరికే అన్న మాట కాదు. ఆయన గొంతు నాకు తెలుసు, నిజంగానే అన్నారు. ఈ మాట కోసం ఎన్నేళ్లు ఈ గోడకు ఆనుకుని నిలబడ్డానో నాకొక్కదానికే తెలుసు. అదిప్పుడు నా ఎదుటికొచ్చి నిలబడితే, లోపలంతా వెతుక్కున్నాను, సంతోషం ఎక్కడైనా ఉందేమోనని. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, ఆయన నవ్వితే నవ్వి, తెలిసినదాన్ని తెలియనట్టు మింగుతూ, ఇంటిదాకా ఆయన మౌనాన్ని మోసుకుంటూ నడిచే నన్ను చూశాను. కోరిక ఉంది. అది ఆయన మీద లేదు. ఎప్పుడు పక్కకు జరిగిపోయిందో నేను గమనించలేదు.

“వద్దండీ” అన్నాను. “నేను వెళతాను.”

ఆయన నా మొహంలోకి చూశారు. ఇన్నేళ్లలో ఆయన గొంతులో వణుకు వినడం అదే మొదటిసారి.

“సినిమాకే కదా?”

నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన వైపు తిరిగాను.

“ఈసారికి సినిమాకే.”