ష్రోటర్ గారి కుక్క ఏరు దాటిన ఆదివారం

హోల్‌డార్ఫ్ కుక్కల నడక సంఘానికి ఎగోన్ ష్రోటర్ పదకొండేళ్లుగా అధ్యక్షుడు. అంతకుముందు ముప్ఫై నాలుగేళ్లు ఆయన బండ్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేశాడు. లోకంలో పరిగెత్తేవాళ్లకు కొదవ లేదు, ఆపేవాళ్లే కరువయ్యారని ఆ ఉద్యోగంలో ఆయనకు బోధపడింది. పింఛను మొదలైన నెలలోనే సంఘం పెట్టాడు.

అడవిలో కుక్కను తిప్పడానికి సంఘం ఎందుకండీ అని పొరుగూరివాళ్లు అడిగితే, సంఘం లేకుండా మీరెలా తిప్పుతున్నారండీ అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. సంఘానికి నలభై మూడు నిబంధనలు ఉన్నాయి. తాడు రెండు మీటర్లు దాటకూడదు, ఎప్పుడూ కుడిచేతిలోనే ఉండాలి. పెద్ద కుక్కలు ముందు, చిన్నవి వెనక. విరామం పన్నెండు నిమిషాలు. కార్యదర్శి హర్ట్‌విగ్ పెంచుకున్న పొట్టికాళ్ల కుక్క చలికాలంలో చచ్చిపోయినప్పుడు పెద్ద చిక్కే వచ్చింది. కుక్క లేనివాళ్లు నడకకు రాకూడదని ఆరో నిబంధన. రెండు సమావేశాలు పెట్టి, వాదించుకుని, చివరికి హర్ట్‌విగ్ వట్టి తాడు పట్టుకుని వరుసలో ఆఖరున నడవవచ్చని మూడు ఓట్లకు వ్యతిరేకంగా నాలుగు ఓట్లతో తేల్చారు. అప్పటినుంచి ఆ పెద్దమనిషి అలాగే నడుస్తున్నాడు.

ఎగోన్ కుక్క పేరు గ్రాఫ్, వాళ్ల భాషలో దొర అని అర్థం. బూడిదరంగు వేటకుక్క, సన్నటి నడుము, నవాబు చూపు. ఈల ఒకటి వేస్తే ఆగేది, రెండు వేస్తే కూర్చునేది. భార్య ఒటీలీ పోయి ఏడాదిన్నర అయింది. ఆమె పోయాక ఆ ఇంట్లో రోజంతా వినిపించే మాటలు నాలుగే. కూర్చో, ఆగు, రా, వద్దు. నాలుగూ కుక్కతో అన్నవే.

మే నెలలో రెండో ఆదివారం. లోయలోకి దిగి, షిల్ఫ్ ఏరు దాటి, అవతలి మర దగ్గరున్న పూటకూళ్లింట్లో పన్నెండున్నరకు భోజనం చేయాలని ఏర్పాటు. బస్టాపు దగ్గర తొమ్మిదిమంది, ఎనిమిది కుక్కలు చేరారు. వాళ్లలో రెండు నెలల కిందట ఊళ్లోకి వచ్చిన రోస్‌విటా అనే రిటైర్డు నర్సు కూడా ఉంది. ఆమె కుక్క బూబి రొమేనియా వీధుల్లో పుట్టి పెరిగింది. ఒక చెవి సగమే ఉంది. సభ్యత్వం కాగితంలో జాతి అన్నచోట ఆవిడ "కుక్క" అని రాసింది. ఆ కాగితం ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఎగోన్ జేబులోంచి టేపు తీసి ఆమె తాడు కొలిచాడు.

"రెండున్నర మీటర్లుందండీ మీది."

"అర మీటరు ముడేసేస్తా, సరేనా?" అని రోస్‌విటా అక్కడికక్కడే ముడి వేసింది. "మీవాడేంటండీ, ఊపిరి తీసుకోవడానిక్కూడా మీ పర్మిషన్ అడిగేలా ఉన్నాడు."

"వాడికి శిక్షణ ఉంది. గోడ మీద మూడు సర్టిఫికెట్లున్నాయి."

"మావాడికి ఆకలుందండీ. ఎవరి చదువు వాళ్లది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎగోన్ ఈల వేసి నడక మొదలుపెట్టాడు.

రాత్రి వాన పడి అడవి దారి మెత్తగా ఉంది. చెట్ల కింద తెల్లగా పూసిన అడవి వెల్లుల్లి వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. జింకపిల్లలు పుట్టే కాలం కనుక కుక్కల్ని వదలకూడదని ఎగోన్ మూడుసార్లు హెచ్చరించాడు. రెండుసార్లు ఆగి వరుస సరిచేశాడు. ఎవరూ ఏ చెట్టునూ చూడలేదు, ముందువాడి వీపునే చూస్తూ దిగారు. పదకొండూ ముప్పావుకి ఏటి ఒడ్డుకు చేరేసరికి చెక్క వంతెనకు అడ్డంగా ఎర్ర తెల్ల రిబ్బను కట్టి ఉంది. పలకలు కుళ్లినందున వంతెన మూసివేయబడిందని బోర్డు. అవతలి గట్టున నూరడుగుల దూరంలో పూటకూళ్లింటి పొగగొట్టం, దాంట్లోంచి వేపుడు వాసన. కింద ఏరు మోకాటిలోతు పారుతోంది, అడుగున రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

"ఇంకేముంది, దిగి దాటేద్దాం" అంది రోస్‌విటా.

"అలా ఎలా దిగుతామండీ?" అన్నాడు ఎగోన్. "గుర్తులు పెట్టిన దారిలో నడిస్తేనే మన బీమా వర్తిస్తుంది. ఏట్లో గుర్తులెక్కడున్నాయి? రోడ్డు వంతెన మీదుగా చుట్టు తిరిగితే ఆరు కిలోమీటర్లు. దీనిమీద సమావేశం జరపాలి."

హర్ట్‌విగ్ వట్టి తాడు మెడలో వేసుకుని నోటుపుస్తకం తీశాడు. ఒడ్డునే నిలబడి సమావేశం మొదలుపెట్టారు. బోర్డు వంతెనకే వర్తిస్తుందా, నీళ్లకు కూడానా అని ఒక వాదం. తడిస్తే జ్వరాలకు బాధ్యులెవరని ఇంకొకటి. అక్కడ వేపుడు చల్లారిపోతోందని ఒకాయన మొరపెట్టుకుంటే, అది చర్చనీయాంశం కాదని ఎగోన్ కొట్టిపారేశాడు. ఇరవై నిమిషాలైంది.

"రోడ్డు వంతెన మీదుగా వెళ్లడానికి ఒప్పుకునేవారు చేతులెత్తండి."

ఓటు కుడిచేత్తోనే వేయాలని పన్నెండో నిబంధన. తాడు కూడా కుడిచేతిలోనే ఉండాలని రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని పదకొండేళ్లలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఇదివరకెప్పుడూ అడవిలో ఓటింగు జరగలేదు. ఇప్పుడు ఏడు చేతులు లేచాయి, ఏడు తాళ్లు నేలమీద పడ్డాయి.

మొదట కదిలింది గ్రాఫే. అది పరుగెత్తలేదు, తొందరపడలేదు. సంతనుంచి ఇంటికి పోయే మనిషిలా గట్టు దిగి, ఏ రాయి మీద కాలు వేయాలో తెలిసినట్టు వేసుకుంటూ నీళ్లు దాటింది. ఎగోన్ ఒక ఈల వేశాడు. రెండు వేశాడు. తరవాత లెక్క తప్పి ఈల వేస్తూనే పోయాడు. మిగతా కుక్కలన్నీ దాని వెంట బిలబిలమంటూ నీళ్లలోకి దూకాయి. ఓటు వేయని రోస్‌విటా చేతిలోంచి బూబి కూడా తాడు లాక్కుని పోయింది.

"తీర్మానం నెగ్గింది" అన్నాడు హర్ట్‌విగ్, రాసుకుంటూ. "ఒకరు వ్యతిరేకం, నేను తటస్థం."

"కుక్కలు అటు పోయాయి కదరా!"

"కుక్కలకి ఓటు హక్కు లేదు ఎగోన్. నువ్వే పెట్టావు ఆ నిబంధన."

రోస్‌విటా అప్పటికే బూట్లు విప్పి ప్యాంటు మోకాళ్లపైకి మడిచింది. "ష్రోటర్ గారూ, బోర్డు వంతెనకుంది, ఏటికి లేదు. వస్తారా, ఇక్కడే నిలబడి ఈల వేస్తారా?"

ఎగోన్ తీర్మానం వంక, అవతలి గట్టున మాయమవుతున్న బూడిదరంగు తోక వంక చూశాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. చివరికి బూట్లు విప్పాడు, ప్యాంటు విప్పి మడత నలగకుండా చేతిమీద వేసుకున్నాడు, గళ్ల డ్రాయరుతో నీళ్లలోకి దిగాడు. సంఘ సభ్యులు మర్యాదగా చెట్లవైపు తిరిగారు. ఆ రోజంతటిలో వాళ్లు అడవిని చూసింది అప్పుడే. ఏటి నడుమ పాచిరాయి మీద కాలు జారి అధ్యక్షుడు నడుందాకా తడిసేలా నీళ్లలో కూలబడ్డాడు. రోస్‌విటా వెనక్కి వచ్చి చెయ్యి అందించింది.

"లేవండి, ఏం కాలేదు. నేను నర్సుని, ఇంతకన్నా ఘోరమైన డ్రాయర్లు చూశాను."

తక్కినవాళ్లు తీర్మానం ప్రకారం, కుక్కలు లేకుండా, ఆరు కిలోమీటర్ల దారి పట్టారు. ముందు హర్ట్‌విగ్ నడిచాడు. తాడున్నది అతనొక్కడికే.

పూటకూళ్లింటి వంటగది వెనక రాతిబల్ల ఉంది. దాని చుట్టూ ఎనిమిది కుక్కలూ చేరాయి. బల్ల మీద కూర్చున్న ముసలావిడ ఇంటి యజమానురాలు మార్లీస్. గ్రాఫ్ ఆమె ఒళ్లో తల పెట్టుకుని, ఆమె చేతిలోంచి కార్జం సాసేజి ముక్క అందుకుని తింటోంది. శిక్షణ పొందిన కుక్క పరాయివాళ్ల చేతిది ముట్టదని ఎగోన్ ఎన్నో సభల్లో చెప్పాడు.

"గ్రాఫ్, రా" అన్నాడు, నీళ్లు కారుతూ.

కుక్క తల ఎత్తలేదు.

"ఎవర్ని పిలుస్తున్నావయ్యా?" అంది మార్లీస్ ఆయన్ని కిందినుంచి పైకి చూస్తూ. "ఇక్కడ దొరలెవరూ లేరు. వీడు మూకీ. ముందా ప్యాంటు తొడుక్కో."

"ఇది నా కుక్క."

"కాదే, ఒటీలీది. గురువారం గురువారం తీసుకొచ్చేది. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ రాళ్ల దగ్గరే దాటేది. ఏడాది దాటింది, రావట్లేదేంటా అని చూస్తున్నా. ఓహో, ఆ బ్రేకులాయన నువ్వేనా?"

ఎగోన్ ప్యాంటు తొడుక్కోవడం మరిచిపోయాడు. గురువారాలు ఒటీలీ కుక్కను శిక్షణ మైదానానికి తీసుకెళ్లేదని ఆయన నమ్మాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరి కాళ్లకూ బురద ఉండేది, గడప దగ్గర తనే తుడిచేవాడు. మైదానంలో ఇంత బురద ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు.

"ఆమె పోయిందండీ" అన్నాడు. "కిందటేడు కాదు, అంతకుముందు ఏడాది నవంబరులో."

మార్లీస్ చేతిలో మిగిలిన సాసేజి కుక్కకు ఇచ్చేసింది. జరిగి, బల్ల మీద చోటిచ్చింది. ఆయన తడి డ్రాయరుతోనే కూర్చున్నాడు. రోస్‌విటా తక్కిన కుక్కల్ని చెట్టు కిందికి తోలుకుపోయింది.

"ఇక్కడ ఏం చేసేది?" అని అడిగాడు ఎగోన్.

"ఏం చేస్తుంది? ఓ బీరు తాగేది. వీణ్ణి వదిలేసేది. వీడు ఏట్లో దొర్లి వచ్చి మా గుడ్డల మీద దులుపుకుంటే పగలబడి నవ్వేది."

"నా గురించి ఏమైనా అనేదా?"

"మంచివాడనేది. మా ఆయన చాలా మంచివాడే మార్లీస్, కాకపోతే నా తాడు కూడా రెండు మీటర్లే, అనేది."

ఎగోన్‌కు ముందు కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద చూపాలో తెలియక అది తనంతట తనే పోయింది. ఒటీలీ పగలబడి నవ్వడం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, చాలా వెనక్కి, పెళ్లయిన కొత్తల్లోకి వెళ్లవలసి వచ్చింది. గొంతు సవరించుకుని, సిగ్గుపడుతూ, "మూకీ" అన్నాడు. కుక్క చెవులు నిక్కించింది. వచ్చి తడి మోకాలి మీద గడ్డం ఆనించి, కార్జం వాసనతో నిట్టూర్చింది.

మిగతావాళ్లు రెండున్నరకు చేరారు. వంట కట్టేశారు, రొట్టె, ఊరగాయ దోసకాయలే దొరికాయి. అధ్యక్షుడు డ్రాయరుతో కూర్చుని బీరు తాగుతుండడం హర్ట్‌విగ్ చూశాడుగాని నోటుపుస్తకం తీయలేదు. పక్కన కూర్చుని, "నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని మాత్రం అడిగాడు.

జూన్ సమావేశంలో ఎగోన్ తానే లేచి, ఆ రోజు ఐదు నిబంధనలు తప్పానని చెప్పి రాజీనామా ఇచ్చాడు. సభ్యులు గంటసేపు చర్చించారు. ఆ పదవి తీసుకుంటే నలభై మూడు నిబంధనలూ చదవాలని తెలిసి ఎవరూ ముందుకు రాలేదు. రాజీనామాను తిరస్కరించి, అధ్యక్షుల వారు ఏటి లోతును స్వయంగా పరిశీలించారని మినిట్స్‌లో రాసుకున్నారు. ఎగోన్ దానికి అడ్డుచెప్పలేదు. రోస్‌విటా సభ్యత్వం కాగితం మీద, జాతి గడిలో ఏమీ దిద్దకుండా, సంతకం పెట్టాడు.

ఆగస్టులో వంతెనకు కొత్త పలకలు వేశారు. ఊరి బ్యాండు వాయిస్తుండగా సంఘం వరుసగా దాటింది. ఎగోన్ మాత్రం రాలేకపోయాడు. జలుబు చేసిందని కబురు పంపాడు. రెండు రోజుల ముందు, గురువారం, కొత్త వంతెన పక్కనే ఏట్లో దిగి తెచ్చుకున్న జలుబు అది.