ఇప్స్‌విచ్ టేపు

ఆదివారం పొద్దున్న మెల్విన్ గారడ్ మూడుసార్లు బూట్లు తొడుక్కుని మూడుసార్లు విప్పాడు. నాలుగోసారి తొడుక్కున్నాక మళ్లీ వంగి విప్పే ఓపిక లేక బయల్దేరాడు. కోటు లోపలి జేబులో క్యాసెట్టు ఉంది. వీధి మలుపు దాకా నడిచి ఓసారి తడిమి చూసుకున్నాడు. ఉంది. లేకపోతే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

ఇంగ్లండులోని కాన్వీ దీవిలో సముద్రానికీ ఊరికీ మధ్య కట్టిన గోడ మీద నడవడం అతనికి చిన్నప్పటి అలవాటు. పోటు మీదున్నప్పుడు నీళ్లు ఊళ్లోవాళ్ల నెత్తి కంటే ఎత్తులో ఉంటాయి. ఆ ధైర్యంతోనే టేపుని గోడ మీంచి విసిరేద్దామని వచ్చాడు. ఖర్మ కాలి అప్పుడు ఆటు. నీళ్లు ఎక్కడికో పోయి, కింద నల్లటి బురద పరుచుకుని ఉంది. విసిరితే ఆ బురద మీద పడి, సాయంత్రం దాకా దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. విసరకపోతే ఇంకో గంటలో పబ్బులో అందరికీ వినిపిస్తుంది. రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేక గోడ మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. కుక్కని తిప్పుకుంటున్న ఒకావిడ అతన్ని చూసి కుక్కని దగ్గరికి లాక్కుంది.

సంగతేమిటంటే, ఈ దీవిలో ఒకప్పుడు 'క్రీక్ రోడ్ ఫోర్' అని నలుగురి బ్యాండు ఉండేది. పబ్బుల్లోనే పుట్టి పబ్బుల్లోనే పెరిగిన బ్యాండు. గిటార్ వాయించేవాడు నెవ్ స్టెబింగ్. బక్కపలచని మనిషి. స్టేజికి ఎడమ పక్కన గోడకి కొట్టిన మేకులా నిలబడి వాయించేవాడు. తొమ్మిదేళ్లలో స్టేజి మీద ఒక్క ముక్క మాట్లాడలేదు. పాడేవాడే మాటలన్నీ మాట్లాడేవాడు. పత్రికలవాళ్లు అడిగినా నెవ్ భుజాలెగరేసి ఊరుకునేవాడు. డెబ్బై తొమ్మిది మార్చిలో వ్యాను తిరగబడి పోయాడు. పెళ్లాం రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఉత్తరాదికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఏటా అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం అభిమానులు ఫెర్రీ బోట్ పబ్బులో చేరతారు. స్టేజికి ఎడమ పక్కన ఒక ఎత్తుపీట వేసి, దాని మీద అర పైంటు బీరు పెడతారు. ఆ పక్కకి ఎవరూ పోరు.

ఆఖర్న ఒక తంతు ఉంది. దాన్ని 'నిలబడ్డ చోటు' అంటారు. ఒక్కొక్కరే గ్లాసెత్తి, నెవ్ వాయిస్తుండగా తాము నిలబడ్డ చోటు చెప్పాలి. "ఫెర్రీ బోట్, కిటికీ పక్కన." "సౌతెండ్, రెండో వరస." అంతే, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు. నెవ్‌ని చూడనివాళ్లు గ్లాసెత్తి ఊరుకుంటారు. మెల్విన్ వంతు రాగానే పబ్బంతా సద్దుమణుగుతుంది. నలభై ఏళ్లుగా అతను చెప్పేది ఒకటే: "ఇప్స్‌విచ్. స్టేజి మీద, నెవ్ పక్కన."

నెవ్ చనిపోవడానికి రెండు రోజుల ముందు, జోరు వానలో, ఇప్స్‌విచ్‌లో ఆఖరి కచేరీ జరిగింది. దీవి నుంచి వెళ్లినవాడు మెల్విన్ ఒక్కడే. నాలుగో పాటలో నెవ్ తనని వేలితో చూపించి స్టేజి మీదకి పిలిచాడని, ఆ రాత్రంతా తన దగ్గర టేపు రికార్డరు తిరుగుతూనే ఉందని చెప్పుకున్నాడు. కాదనేవాడు లేడు. పాడినవాడు, బేసు వాయించినవాడు పోయారు. స్పెయిన్‌లో ఉన్న డ్రమ్ములవాడికి నిన్న తిన్నదే గుర్తుండదు. టేపు వినిపించమంటే, "పాతబడిపోయింది, తిప్పితే తెగుతుంది" అని మెల్విన్ బిస్కెట్ల డబ్బాలో దాచాడు. ఆడినమాట నమ్మేవాళ్లుంటే అబద్ధానికి ఆయుష్షెక్కువ. పోనుపోను అతనికే అది నిజమనిపించసాగింది.

కచేరీలు దొంగచాటుగా రికార్డు చేసేవాళ్లకి ఒకే ఒక్క నియమం ఉంటుంది. మైకు కాలరు కింద ఉంటుంది కాబట్టి కొయ్యబొమ్మలా నిలబడాలి. చప్పట్లు కొట్టకూడదు, పాడకూడదు. అంతటి అభిమానం ఉన్నవాడికి అది సాధ్యమా? మెల్విన్ మొదటి పాట రెండో చరణానికే నోరు తెరిచాడు. ఆ టేపులో మూడు పాటల నిడివి మెల్విన్ అరుపే ఉంటుంది. ఆ అరుపు వెనకెక్కడో, పక్కింట్లో వాయిస్తున్నట్టు, గిటార్ ఉంటుంది. నాలుగో పాటలో నెవ్ వాయించడం ఆపేశాడు. తొమ్మిదేళ్ల మౌనం వదిలి, పాడేవాడి మైకు లాక్కుని మెల్విన్‌ని తిట్టి, గెంటించేశాడు. జరిగింది అదీ.

ఇప్పుడేమో గోర్డన్ అనే పాత మిత్రుడు ఎక్కడో వెతికి నెవ్ కూతురు జోసీకి ఉత్తరం రాశాడు: 'మా మెల్విన్ దగ్గర మీ నాన్న ఆఖరి టేపుంది, రండి' అని. ఆమె వస్తోంది. ఆ తిట్లలో ఆమె ఊసు కూడా ఉంది. మెల్విన్‌కి నిద్ర లేకుండా పోయింది అందుకే. టేపు వినిపిస్తే నలభై ఏళ్ల పరువు గంగలో కలుస్తుంది. దాచేస్తే ఆ పిల్ల సొత్తు కాజేసినట్టవుతుంది.

పన్నెండు కొట్టేసరికి పబ్బులో పాతిక ముప్పై బట్టతలలు పోగయ్యాయి. బల్లల మీద ఉడికించి వెనిగర్ చల్లిన సముద్రపు గుల్లల గిన్నెలున్నాయి. పబ్బు నడిపే షీనా అతన్ని చూస్తూనే అంది:

"ఏంటి మెల్విన్, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు? కూర్చోవయ్యా, నా నేల అరిగిపోతోంది."

"కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి."

"నిలబడితేనో?"

"నిలబడితే గుండె పట్టేస్తోంది. ఒక బీరు పొయ్యి."

గోర్డన్ బల్ల మీద క్యాసెట్ ప్లేయరు పెట్టుకుని దాన్ని పసిబిడ్డలా తుడుస్తున్నాడు. "రారా మహానుభావా! అన్నీ సరి చూశాను. నలభై ఏళ్లుగా చంపుతున్నావు, ఇవాళైనా విననియ్యి. ఆ రోజు నాకు డ్యూటీ లేకపోతేనా, నీ పక్కన నేనూ ఎక్కేవాణ్ణి స్టేజి. ఆ చమురు డిపోవాడు నా బతుకు నాశనం చేశాడు."

ఈ మాట గోర్డన్ ఏడాదికోసారి అంటాడు. అన్నప్పుడల్లా మెల్విన్ ఏదో పని కల్పించుకుని పక్కకి తప్పుకుంటాడు. ఇవాళ మూత్రశాలకి వెళ్లాడు. వచ్చి, మళ్లీ వెళ్లాడు. రెండోసారి వచ్చేసరికి బల్ల దగ్గర ఒకామె కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, వానకోటు ఒళ్లో పెట్టుకుని. కుడికాలు ఆగకుండా ఆడిస్తోంది. ఆ కాలు ఆడించడం మెల్విన్‌కి బాగా తెలుసు. స్టేజి ఎడమ పక్కన తొమ్మిదేళ్లు చూశాడు.

"మెల్విన్ గారా? నేను జోసీనండి. మా నాన్న స్టేజి మీదకి పిలిచింది మిమ్మల్నేనటగా."

మెల్విన్ నోట్లోంచి తను అనుకోని మాట ఊడిపడింది. "టేపు పాడైపోయిందమ్మా. చెమ్మెక్కి, బూజు పట్టి... నిన్ననే చూశాను."

గోర్డన్ చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉండిపోయింది. "నీ తలకాయ్! ఆ పిల్ల ఐదు గంటలు రైల్లో వచ్చిందిరా!"

"పోనీలెండి," అంది జోసీ. అన్నాక గుల్లల గిన్నెలో పుల్లతో కెలుకుతూ కూర్చుంది. ఒక్కటీ తినలేదు. "గిటార్ అయితే రికార్డుల్లో ఉందండీ, విని విని అరగదీశాను. ఆయన గొంతెలా ఉంటుందో తెలీదు, అదీ నా బాధ. ఇంట్లో చూస్తే ఫోటోలే. మా అమ్మ అప్పుడప్పుడు నాన్నలా మాట్లాడి నవ్వించేది. అమ్మ కూడా పోయింది, ఆ నకలు కూడా లేదిప్పుడు. బొంగురు గొంతా, సన్నదా? పాటకీ పాటకీ మధ్య ఒక దగ్గు దగ్గినా చాలనుకుని వచ్చానండీ."

మెల్విన్ మూడోసారి మూత్రశాలకి బయల్దేరాడు. సగం దారిలో ఆగిపోయాడు. అక్కడ చేయాల్సిన పనేమీ మిగల్లేదు. వెనక్కి వచ్చి, జేబులోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాడవలేదమ్మా. అబద్ధమాడాను. ఇప్పుడొక్కటే కాదు, నలభై ఏళ్లుగా ఆడుతున్నాను. విన్నాక నన్ను ఏమన్నా పడతాను. గోర్డన్, నువ్వు కొట్టాలనుకుంటే కుడి చెవి వదిలెయ్యి. అదొక్కటే పని చేస్తోంది."

గోర్డన్ ఏమీ అర్థం కాకపోయినా టేపు పెట్టి మీట నొక్కాడు.

ముందు గరగర. తర్వాత డ్రమ్ములు. ఆ వెంటనే, పబ్బు పైకప్పు ఎగిరిపోయేలా, గొంతు కోస్తున్న మేకలాంటి అరుపు. ఎవరిదో పోల్చుకోవడానికి జనానికి అట్టే సేపు పట్టలేదు. "ఒరేయ్, ఇది మెల్విన్‌రా!" అన్నారెవరో. నవ్వులు మొదలయ్యాయి. రెండో పాటకి నవ్వులు తగ్గాయి. మూడో పాటకి ఒకడు "గిటారేదిరా?" అన్నాడు. మెల్విన్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.  నాలుగో పాట మధ్యలో వాద్యాలు ఆగిపోయాయి. అరుపొక్కటే ఇంకో రెండు మాటలు సాగి, అదీ ఆగింది. మైకు కీచుమంది.

"ఒరేయ్ కోటూ! నిన్నేరా, స్తంభం దగ్గరోడా!" మెత్తటి గొంతు, కాస్త ముక్కుతో. బక్కమనిషి గొంతే. "జనం నీ పాట వినడానికి వచ్చారనుకున్నావట్రా? ఇంట్లో నాకో పిల్లుంది, రెండేళ్లది. దవడ పళ్లొస్తున్నాయని రాత్రుళ్లు ఏడుస్తుంది మా జోసీ. అది ఏడ్చినా శ్రుతిలో ఏడుస్తుందిరా! నోరు ముయ్యి, లేకపోతే బయటికి నడు. వద్దులే, నీకు నోరు మూయడం చేతకాదు. ఎవరైనా వీణ్ణి బయట పారేయండ్రా బాబూ!"

టేపులో జనం గొల్లున నవ్వారు. కాళ్ల చప్పుడు, తలుపు ధడాలున పడిన చప్పుడు. తర్వాత వాన.

పబ్బులో ఎవరూ నవ్వలేదు. జోసీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కాలు ఆడటం ఆగిపోయింది. అప్పట్లో ఇంటికొచ్చి ఒకసారి విన్నప్పుడు, సిగ్గుతో మెల్విన్ ఆ తలుపు చప్పుడు దగ్గరే కట్టేశాడు. మళ్లీ వినలేదు. ఇప్పుడూ అలవాటుగా మీట మీదకి చెయ్యి పోయింది. జోసీ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి."

వాన కురుస్తూనే ఉంది. నిమిషమైంది. ఎవడో ముక్కు చీదుకున్నాడు, టేపులో. మెల్విన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి అతను వెంటనే బస్సెక్కలేదు. హాలు పక్క సందులో, గోడకి వీపు ఆనించి, కచేరీ అయ్యేదాకా తడుస్తూ నిలబడ్డాడు. జేబులో రికార్డరు తిరుగుతున్న సంగతే మర్చిపోయాడు. ఏడుపులో పడి పాడలేదు.

అతను పాడలేదు కాబట్టి గిటార్ వినిపించింది. ఇటుకల అవతల నుంచి, వాన చప్పుడు కిందుగా, మొదట సన్నగా, చెవి అలవాటు పడ్డాక స్పష్టంగా. కొరికినట్టు, విరిచినట్టు, ఎక్కడా ఆగకుండా. రికార్డుల్లో లేని వాయింపు. షీనా బీరు పొయ్యడం ఆపేసింది. గోర్డన్ కళ్లు మూసుకుని, ఎడమచేతి వేళ్లు బల్ల మీద నొక్కుతున్నాడు. ఒక పాట, ఇంకో పాట, మరో పాట సగం. అక్కడ టేపు అయిపోయి, మీట టక్కున పైకి లేచింది.

గోర్డన్ కళ్లు తెరిచాడు. "నలభై ఏళ్లురా! డ్యూటీ మానేసి ఉంటే స్టేజెక్కేవాణ్ణని నన్ను నేను తిట్టుకుంటూ బతికాను."

"తెలుసురా."

"వచ్చి ఉంటే నీతో పాటు వానలో తడిసేవాణ్ణన్నమాట."

"అవును."

గోర్డన్ గుల్లల గిన్నె అతని వైపు తోశాడు. "దొంగ వెధవ. తిను." కళ్లు తుడుచుకుని గ్లాసెత్తి, "నిలబడ్డ చోటు!" అని అరిచాడు.

అందరూ లేచారు. కిటికీ పక్కన, రెండో వరస, మెట్ల మీద, తలుపు దగ్గర, ఒక్కొక్కటే వస్తూ వస్తూ వంతు మెల్విన్ దాకా వచ్చింది.  బల్ల పట్టుకున్నాడు.

"ఇప్స్‌విచ్," అన్నాడు. "బయట, వానలో."

 తర్వాత ఉన్నది జోసీ. నెవ్‌ని చూడనివాళ్లు గ్లాసెత్తి ఊరుకుంటారు కదా, ఆమె ఊరుకుంటుందనే అనుకున్నారు. గోర్డన్ తన గ్లాసు పెదాల దాకా తెచ్చాడు కూడా. జోసీ లేచి, స్టేజికి ఎడమ పక్కనున్న ఎత్తుపీట వైపు తిరిగి గ్లాసెత్తింది.

"ఇంట్లో, మంచంలో," అంది.  గ్లాసు ఇంకాస్త పైకెత్తింది. "ఏడుస్తున్నా నాన్నా. శ్రుతిలోనే."