తొమ్మిదో రౌండు

రెండు నెలలు మూసి ఉంచిన ఈతకొలను తెరిచిన రోజు దాని వాసన వీధి మలుపులోనే తగులుతుంది. కడిగిన గచ్చు, క్లోరిను, తడి రబ్బరు చెప్పులు అన్నీ కలిసిన వాసన. ఆరేళ్ళుగా ప్రతి సీజనులో ఆ వాసన తగలగానే నా నడక పరుగయ్యేది. ఈసారి కాలేదు. నా పక్కన పిన్ని కూతురు నడుస్తోంది.

పిన్ని నర్సు. ఏడాది పాటు దూరంగా వేరే ఆసుపత్రిలో పని పడింది. ఉండటానికి అక్కడ మంచం పట్టేంత గది మాత్రమే ఇచ్చారని, కూతుర్ని మా ఇంట్లో దింపి వెళ్ళింది. పదమూడేళ్ళ పిల్ల, నాకన్నా రెండేళ్ళు చిన్న. అక్కా అనకుండా ఒక మాట మొదలుపెట్టదు, ముగించదు.

"అక్కా, బట్టలు ఎక్కడ మార్చుకోవాలక్కా?"

"అందరూ మార్చుకునే చోటే."

"అది ఎక్కడక్కా?"

చెయ్యి చూపించాను. అది ఎగురుకుంటూ వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి దాని ఒంటి మీద నా పాత ఈత దుస్తులే. ముందు రోజు సాయంత్రం అమ్మ వాటిని సరిచేసింది. అమ్మ దర్జీ. మా ముందు గదిలో కుట్టుమిషను, గోడకి అద్దం, నేల నిండా దారప్పోగులు. పిల్లని అద్దం ముందు నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడింది.

"దీని భుజాలు చూడవే. నీకు పదిహేనేళ్ళొచ్చినా ఇంత లేవు. ఇక్కడ కుట్టు విప్పి వదులు చేయాల్సిందే."

"పెద్దమ్మా, చక్కిలిగిలి!" అని అది మెలికలు తిరిగింది. అమ్మ నవ్వింది. నాకు కొలతలు తీసేటప్పుడు అమ్మ నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. కదిలితే కసిరేది. నేను కదలడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ పిల్ల ఈత నేర్చుకుని ఏడాదే అయింది. ఆ మాట విన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. మొదటి రోజు నీళ్ళలో దిగి చేతులు వెయ్యడం చూశాకే పట్టించుకున్నాను. మా కోచ్ మేడమ్ గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. మేడమ్ ఎవరి కోసమూ అలా ఆగదు.

"ఎవరమ్మా ఆ పిల్ల? చేతులు గిలకలా తిరుగుతున్నాయే!"

అంతే, దాని పేరు గిలక అయిపోయింది. ఆరేళ్ళలో మేడమ్ నాకు ఏ పేరూ పెట్టలేదు. నన్ను అమ్మాయ్ అంటుంది. అందరినీ అలాగే అంటుంది.

మా కొలనులో ఆరు లైన్లు. నాలుగో లైను దూరం ఈదేవాళ్ళది. లైనులో ఐదుగురు ఒకరి వెనక ఒకరు ఈదుతారు. గోడ మీది పెద్ద గడియారంలో ఎర్ర ముల్లు పైకి రాగానే ముందున్నవాళ్ళు గోడని తన్ని బయలుదేరాలి. తక్కిన వాళ్ళు ఐదేసి సెకన్లు ఆగి వెళ్ళాలి. ముందున్నవాళ్ళకి ఎదురుగా ఖాళీ నీళ్ళు. వెనకవాళ్ళకి ముందువాళ్ళ పాదాలు, బుడగలు. ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగో లైనుకి ముందుండే అమ్మాయే ఆ సీజను పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు ఈదుతుంది. జట్టుకి ఒక్కరికే చోటు. రెండేళ్ళుగా ఆ చోటు నాది. నా దగ్గర అది తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. చదువులో మధ్యరకం, మాటల్లో అంతకన్నా తక్కువ.

ముందు ఎవరుండాలో సీజను మొదటి శనివారం పరీక్షతో తేలుతుంది. ఎనిమిది వందల మీటర్లు, అంటే కొలను పొడవునా పోయి రావడం పదహారు సార్లు. అలా పోయి రావడాన్ని రౌండు అంటాం. ఈదేవాళ్ళకి అలుపులో లెక్క ఉండదు కాబట్టి జతలు వేస్తారు. ఒకరు ఈదుతుంటే రెండోవాళ్ళు అవతలి గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మనిషి దగ్గరికి రాగానే అంకె ఉన్న పలకని నీళ్ళలో ముంచి చూపించాలి. పదహారో సారి అంకెకి బదులు ఎర్ర పలక. అది కనపడితే ఇదే ఆఖరు, ఉన్న బలమంతా పెట్టెయ్ అని అర్థం. మేడమ్ ఇవతలి గట్టున అన్ని లైన్లకీ ఒక్కతే టైము చూసుకుంటుంది. రౌండ్లు ఆమె లెక్కపెట్టదు. పలక పట్టుకున్నవాళ్ళదే ఆ పని.

"అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక జత" అంది మేడమ్.

ముందు నేను ఈదాను. ప్రతి రౌండులో ఆ పిల్ల పలక ముంచడమే కాదు, తల కూడా నీళ్ళ దాకా వంచి అరిచేది. "అక్కా, బాగుందక్కా! పోపో!" నీళ్ళలో అది బుడబుడలాగే వినిపించేది కానీ ఏమంటోందో తెలిసేది. పదకొండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. నా పాత టైము కన్నా నాలుగు సెకన్లు మెరుగు. గోడ పట్టుకుని రొప్పుతూ, పరవాలేదు, ఈ టైముని ఆ పిల్ల దాటలేదులే అనుకున్నాను.

తర్వాత అది దూకింది. నేను పలక పట్టుకుని కూర్చున్నాను.

మూడో రౌండుకే నాకు తెలిసిపోయింది. నాలుగో రౌండు, ఐదో రౌండు. ఆ చేతులు అలా తిరుగుతూనే ఉన్నాయి, ఎక్కడా తడబాటు లేదు. ఎనిమిది రౌండ్లయ్యాక గడియారం చూశాను. ఐదు నిమిషాల ముప్పై నాలుగు. సగం దూరానికి నాకెప్పుడూ ఐదు నిమిషాల నలభై ఐదు తగ్గలేదు. ఆరేళ్ళు చలిలో లేచి, చెవిపోటుతో పరీక్షలు రాసి, జుట్టు పీచులా చేసుకుని నేను సంపాదించుకున్నదాన్ని అది నా పాత దుస్తుల్లో, నా పాత టోపీలో తీసుకుపోతోంది. కడుపులో మంట అంటారు కానీ నాకు చేతుల్లో మండింది. పలక పట్టుకున్న వేళ్ళలో.

తొమ్మిది చూపించాను. వెళ్ళి వచ్చింది. పది చూపించాలి.

పలక తిప్పలేదు. మళ్ళీ తొమ్మిదే ముంచాను.

మరిచిపోయి కాదు. చెయ్యి జారీ కాదు. నీళ్ళలో దాని కళ్ళద్దాలు ఒక్క క్షణం పలక వైపు తిరిగాయి. ఈత ఒక్క పట్టు తప్పింది. తర్వాత మలుపు తిరిగి వెళ్ళిపోయింది. చుట్టూ చూశాను. మేడమ్ కొలను పంపు చూసే తాతతో నీళ్ళు చల్లగా ఉన్నాయని గొడవ పడుతోంది. "వేడి చేస్తే చారు చేసుకోవచ్చమ్మా" అంటున్నాడు తాత. ఎవరూ చూడలేదు.

ఆ పైన పది, పదకొండు, వరసగా చూపించుకుంటూ పోయాను. ఎర్ర పలక చూపించేసరికి అది పదిహేడో రౌండులో ఉంది.

"పదకొండు యాభై ఒకటి" అంది మేడమ్. "సగం దాకా భలే వచ్చావే గిలకా, తర్వాత ఏమైంది?"

"తెలీదు మేడమ్. అలిసిపోయా."

"సరే. నాలుగో లైనుకి ఈ అమ్మాయే ముందు. నువ్వు రెండు."

నేను సంతోషించాను. అబద్ధం ఎందుకు, చాలా సంతోషించాను. అది తువ్వాలు చుట్టుకుని వణుకుతూ నా దగ్గరికొచ్చి, "నీ వెనకే ఈదుతా అక్కా!" అనేదాకా.

మర్నాడు ఆదివారం. అమ్మ మిషను మీద ఉంది. మేమిద్దరం బల్ల దగ్గర ఉడికించిన గుడ్లు వలుచుకుంటున్నాం. పిల్ల ఉన్నట్టుండి అంది.

"అక్కా, నేను ఎలా లెక్కపెట్టుకుంటానో చెప్పనా? మా పాత బడిలో హాజరు పిలుస్తారుగా, ఆ వరస. ఒక్కో రౌండుకి ఒక్కొక్కళ్ళని పిలుచుకుంటా. పదహారు మా బెంచీలో పిల్ల. పదిహేడు గుండుగాడు. నిన్న గుండుగాడి దాకా వచ్చేసింది."

గుడ్డు పెంకు నా గోటి కింద గుచ్చుకుంది.

"నవ్వొచ్చింది నాకు. వీడెందుకొచ్చాడ్రా నీళ్ళలోకి అని. మధ్యలో ఎవర్నో రెండుసార్లు పిలిచుంటా. పలక నువ్వు పట్టుకున్నావుగా, తప్పు నాదే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది" అన్నాను.

అమ్మ మిషను ఆపి దారం కొరికింది. "దానికి రెండో గుడ్డు కూడా ఇయ్యవే. ఎముకలు కనిపిస్తున్నాయి." నిన్నటిదాకా భుజాలు, ఇవాళ ఎముకలు. ఇచ్చాను. ఇస్తూ కూడా నాకు కుళ్ళే. తప్పు చేసినదాన్ని నేను, అయినా దాని మీదే కోపం. అలా నమ్మకపోతే ఏం పోయింది దానికి?

సోమవారం నాలుగో లైనుకి ముందు నిలబడ్డాను. ఎర్ర ముల్లు పైకి వచ్చింది, తన్నాను. ఎదురుగా ఖాళీ నీళ్ళు. ఎప్పుడూ ఉండే హాయి కోసం చూశాను. అది రాలేదు. నా పాదాల వెనక పిల్ల ఉందని ఒళ్ళంతా తెలుస్తోంది. వెనకవాళ్ళకి దారి కావాలంటే ముందువాళ్ళ అరికాలు తట్టడం మా లైనులో అలవాటు. తడితే గోడ దగ్గర ఆగి దారి ఇవ్వాలి. తడుతుందేమోనని ప్రతి మలుపులో కాళ్ళు ముడుచుకున్నాను. తట్టలేదు. గోడ దగ్గర తిరిగినప్పుడు చూశాను. చేతులు బిగబట్టుకుని ఈదుతోంది. నన్ను దాటకుండా ఉండటానికి, రెండుసార్లు వెయ్యాల్సిన చోట ఒక్కసారే వేస్తోంది.

మేడమ్ కూడా చూసింది.

"గిలకా! నిద్రపోతున్నావా? మొదటి రోజు ఏమి ఈదావు, ఇప్పుడేమిటీ నాట్యం?"

"ఏం లేదు మేడమ్."

"ఇంకో రెండు రోజులు చూస్తా. ఇలాగే బద్ధకిస్తే మూడో లైనులో పడేస్తా. అక్కడ చిన్నపిల్లలతో ఆడుకో."

లైనులో వెనకున్న పొడుగమ్మాయి కిసుక్కుమంది. "పాపం, ఊపు ఒక్కరోజుకే!"

పిల్ల నా వైపు చూడలేదు. కళ్ళద్దాలు పైకి లాక్కుని నీళ్ళు పారబోసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్లోరిను వల్ల కావచ్చు. నేను నోరు మూసుకుంటే చాలు. రెండు రోజుల్లో అది మూడో లైనుకి పోతుంది. పాదాల వెనక ఎవరూ ఉండరు. ఆ ఆలోచన ఎంత తీపిగా ఉందంటే, నాకే భయమేసింది.

"మేడమ్" అన్నాను. ఆమె ఇటు తిరగలేదు. మళ్ళీ అన్నాను. "మేడమ్, శనివారం దీనికి తొమ్మిది రెండుసార్లు చూపించాను. పదిహేడు ఈదింది."

మేడమ్ ఈల నోట్లోంచి తీసింది.

"పొరపాటునా?"

అవునంటే అయిపోయేది. లైనంతా నీళ్ళలో నిలబడి నన్నే చూస్తోంది.

"కాదు."

గట్టు అంచు జాలీల్లోకి నీళ్ళు గుటకేస్తున్న చప్పుడే వినిపించింది. మేడమ్ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "ఆఖరి రౌండు తీసేస్తే పదకొండు పది లోపే" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత నన్ను చూసింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"గిలకా, నాలుగో లైనుకి నువ్వే ముందు. పోటీలకీ నువ్వే. ఇక ఈ అమ్మాయి ఈ లైనులో ఉండాలా వద్దా, నువ్వే చెప్పు. నాకైతే మూడో లైనులో ఖాళీ ఉంది."

పిల్ల నా వైపు తిరిగింది. అక్కా అంటుందని ఎదురుచూశాను. ఎప్పుడూ విసుక్కునే ఆ మాట ఇప్పుడు కావలసి వచ్చింది. అనలేదు.

"నిన్న గుండుగాడి సంగతి చెప్తే కూడా అయ్యుంటుంది అన్నావు" అంది. గొంతు చిన్నగానే ఉంది. "నేను ఇంటికొచ్చాక కూడా కూర్చుని లెక్కేసుకున్నా, ఎవర్ని రెండుసార్లు పిలిచానా అని."

నేను కళ్ళద్దాలు కిందికి లాక్కున్నాను.

"ఉండనివ్వండి మేడమ్" అని పిల్ల ఆమె వైపు తిరిగింది. "నా వెనకే ఉండాలి. రెండోది. ఆఖర్న కాదు."

"ఎందుకే?" అంది పొడుగమ్మాయి.

"దగ్గర్నుంచి చూడాలి."

ఎవరో నవ్వబోయి ఆగారు. నేను లైను తాడు పట్టుకుని ఒక చోటు వెనక్కి జరిగాను. అది నా ముందుకొచ్చింది. నా దుస్తుల మీద అమ్మ వేసిన కొత్త కుట్టు దాని భుజం దగ్గర తెల్లగా కనిపించింది. ఎర్ర ముల్లు పైకి వచ్చింది. అది గోడని తన్నింది.

ఐదు సెకన్లు అంత పొడవుంటాయని ముందుండే రెండేళ్ళలో నాకు తెలియలేదు. ఒకటి, రెండు, అప్పటికే అది కొలను మీద అడ్డంగా కట్టిన జెండాల కింద దాటింది. నేను బయలుదేరేసరికి ముందు నీళ్ళన్నీ బుడగలు. ఈసారి అది చేతులు బిగబట్టుకోలేదు. మొదటి రౌండు తిరిగేసరికి దాని పాదాలు కనపడటం మానేశాయి.

సిగ్గుపడాలి కదా నేను. పడ్డాను కూడా. కానీ సిగ్గు పక్కనే పాత మంట అలాగే ఉంది, ఒక్క ఇసుమంత తగ్గలేదు. ఈత నేర్చుకుని ఏడాదే అయింది, ఆ పాదాలకి అంత వేగం ఎవరిచ్చారు? తల దించి, చేతులు తిప్పగలిగినంత వేగంగా తిప్పాను. పలక పట్టేవాళ్ళు లేరు, లెక్క లేదు. నాలుగో రౌండో ఐదో రౌండో, ఊపిరి గొంతులో ఇరుక్కుంటుండగా, ముందు రెండు తెల్లటి అరికాళ్ళు మసకగా కనిపించాయి. చెయ్యి చాచాను. తట్టడానికి కాదు, ఎంత దూరంలో ఉందో చూద్దామని.

అందలేదు. మళ్ళీ చాచాను.