ఫుమినో జుట్టు

టోక్యోలోని అసకుస సందుల్లో, కాగితం మీద బొమ్మలు అచ్చేసే చెక్క పలకలు చెక్కేవాళ్ళు చాలామందే ఉన్నా, జుట్టు చెక్కాలంటే మాత్రం ఇసోకిచే. బట్టలూ పూలూ శిష్యులు చెక్కుతారు. నుదుటి దగ్గర వెంట్రుకలు మాత్రం పెద్ద పనివాడే ముట్టుకోవాలి. బియ్యపు గింజంత మేరలో పది వెంట్రుకలు చెక్కుతాడని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. అదే కొంప ముంచింది.

పక్కింట్లో బట్టలు కుట్టే ఒసాకిది ఉత్తరాన ఉన్న ఐజు సీమ. పదేళ్ళ కిందట అక్కడ జరిగిన యుద్ధంలో ఆవిడ అక్క ఫుమినో పొడుగు పిడి కత్తి పట్టి పోరాడి చనిపోయింది. ఎన్నడూ లేనిది, ఒకరోజు బావి దగ్గర ఒసాకి ఇసోకిచితో ఆ సంగతి చెప్పింది.

"యుద్ధానికి వెళ్ళేముందు మా ఆడవాళ్ళు జుట్టు కత్తిరించేసుకున్నారు అన్నయ్యా. అక్కది నేనే కత్తిరించా. పన్నెండేళ్ళదాన్ని, చేతులు వణికి వంకరటింకరగా వచ్చింది. అద్దంలో చూసుకుని ఒకటే నవ్వు. 'నన్ను చూసి శత్రువు నవ్వి నవ్వి చస్తాడే' అంది. అక్కని మళ్ళీ చూడలేదు."

ఇసోకిచి ఫుమినో పోరాటం సంగతి బొమ్మలు అచ్చేసి అమ్మే కొట్టు యజమాని చెవిన వేశాడు. ఆయన ఎగిరి గంతేసి చిత్రకారుడికి పురమాయించాడు. వారం తిరక్కుండా గీసిన బొమ్మ చెక్కడానికి ఇసోకిచి చేతికొచ్చింది. పైన ఫుమినో పేరు, చేతిలో కత్తి, గాలికి ఎగిరే జుట్టు, అదీ మోకాళ్ళ దాకా!

తప్పని ఇసోకిచికి తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. జుట్టు కత్తిరించిన తల మీద ఆయన పనితనం చూపించడానికి ఏముంటుంది మరి? నోరు మూసుకుని పద్దెనిమిది రోజులు చెక్కాడు.

జనం విరగబడి కొన్నారు. "జుట్టంటే ఇదిరా!" అన్నారు. ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగో రోజు ఒసాకి బొమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇది మా అక్కా, అన్నయ్యా?"

"గీసింది నేను కాదు కదమ్మా. ఆ చిత్రకారుడికి ఏం తెలుసు పాపం..."

"మీకు తెలుసుగా."

ఇసోకిచికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది! బొమ్మ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన పరుగున వెళ్ళి కొట్టు నుంచి అచ్చు పలక వెనక్కి తెచ్చుకున్నాడు. "మతి పోయిందా, ఇంత గిరాకీ ఉంటే!" అని యజమాని మొత్తుకున్నా వినలేదు. పద్దెనిమిది రోజుల పనంతా ఉలితో తొలిచేసి, ఆ గుంటలో కొత్త చెక్కముక్క బిగించి, పొట్టి జుట్టు చెక్కాడు. వంకరటింకరగానే. ఒక కాగితం మీద అచ్చు తీసుకుని, సిగ్గుతో చస్తూ ఆవిడ గడప తొక్కాడు.

ఒసాకి కాగితం అందుకుని వెలుతురుకి పట్టుకుంది.

"బాగుంది. ఇలాగే ఉండేదనుకుంటా."

"అనుకుంటా ఏమిటమ్మా? కత్తిరించింది నువ్వేగా!"

"నేనే. కానీ ఆ మొదటి బొమ్మ చూసిన దగ్గర్నుంచీ, కళ్ళు మూసుకుంటే ఆ పొడుగు జుట్టే కనిపిస్తోంది. అద్దం ముందు నవ్వుతున్న అక్కకి కూడా అదే జుట్టు. ఎంత తలుచుకున్నా అసలుది గుర్తు రావడం లేదు. అంత బాగా చెక్కారు మీరు."

జీవితంలో ఎన్నో మెప్పులు విన్న ఇసోకిచి ఆ మాటకి తలెత్తలేకపోయాడు.