గుండీ పొట్లం

"కాలరు దగ్గర కొంచెం గట్టిగా రుద్దు," అన్నాడాయన అద్దం ముందు నిలబడి.

ఇరవై రెండేళ్లుగా ఊరి బట్టలన్నీ ఇస్త్రీ చేసిన చేతులకి కాలరు సంగతి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆమె నవ్వుకుని చొక్కా మీద నీళ్లు చిలకరించింది. రేపు పొద్దున వాళ్ల రెండో లాండ్రీ షాపు తెరుస్తున్నారు. పాత కస్టమర్ల ముందూ, పదకొండు మంది పనివాళ్ల ముందూ ఆయన షాపు కథ చెప్తాడు. ఆయన మర్చిపోయిన చోట అందించడం ఆమె పని.

"ఎక్కడున్నాను?"

"ఒకరోజు మీకు ఆలోచన వచ్చిన దగ్గరున్నారు."

"ఆఁ. ఒకరోజు నాకో ఆలోచన వచ్చింది. గుండీ ఊడితే మనిషి ఎక్కడని వెతుక్కుంటాడు? అందుకే ఉతికిన ప్రతి చొక్కా జేబులో, కాగితం పొట్లం కట్టి, ఒక విడి గుండీ..."

బాగా చెప్తాడు, కాదనకూడదు. ఎన్నిసార్లు విన్నా ఆ గొంతంటే ఆమెకు ముచ్చటే. షాపు బోర్డు మీదా, సంచుల మీదా ఆ గుండీ బొమ్మే. కాకపోతే కథకి ఏటేటా చిలవలు పలవలు పుడుతున్నాయి. మొదట్లో ఇద్దరికీ వచ్చిన ఆలోచన పోనుపోనూ ఆయనొక్కడికే వచ్చింది. పొయ్యి మీద కూర చూసుకుంటూ రోజుకు నలభై పొట్లాలు కట్టే మనిషి మాత్రం ఏ ఏడూ అందులోకి రాలేదు. "ఇంటిదానివి, నీకు జీతమేంటి?" అని ఆయన నవ్వితే తనూ నవ్వేది.

మాట మింగడం ఆమెకు కొత్త కాదు గానీ ఈసారి అది గొంతుకి అడ్డం పడింది. పోయిన వారం మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడ ఒక చొక్కా కాల్చేసి, చెప్పడానికి భయపడి మూట అడుగున దాచింది. ఆ చొక్కా తాలూకు మనిషి వచ్చి షాపు పీకి పందిరేశాడు. ఆయన ఆవిణ్ణి పనిలోంచి తీసేశాడు. "తప్పు ఎవరైనా చేస్తారు. దాచేవాళ్లు మాత్రం మన షాపుకి పనికిరారు," అన్నాడు. న్యాయంగానే అన్నాననుకున్నాడు పాపం. ఆ మాట ఆవిడకెంత తగిలిందో ఈమెకూ అంతే తగిలింది.

షాపు పెట్టిన రెండో నెలలో ఒక లాయరు గారి కోటు గుండీ ఈమె ఇస్త్రీపెట్టె కింద పగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. లాయరుకి భయపడి కాదు, మొగుడికి భయపడి. అప్పట్లో ఆయనకి కోపం ముక్కు మీదే ఉండేది. "ఒక్క పనైనా తిన్నగా చేసి చావవు కదా" అన్నది రోజూ వినే మాట. "వాడి కష్టమంతా నీ చేతుల్లో బూడిదవుతోందే" అని అత్తగారి వత్తాసు. బీరువాలోంచి ఆయన పెళ్లికోటు తీసి, అచ్చం అలాంటి గుండీ ఒకటి కత్తిరించింది. కుట్టేలోపే లాయరు గారు వచ్చేశారు. గబగబా పొట్లం కట్టి, లోపల చీటీ పెట్టి, కోటు జేబులో వేసింది. 'గుండీ నేనే పగలగొట్టాను. దయచేసి మా ఆయనకి చెప్పకండి.'

మర్నాడు లాయరు గారు ఇంకో మూడు కోట్లు తెచ్చారు. ఒకసారి ఆమె వైపు చూసి, ఆయనతో అన్నారు: "విడి గుండీ కూడా పెడతారే! భలే ఆలోచనయ్యా నీది." ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, "అవునండీ, మా అలవాటే," అన్నాడు. ఆ రోజు నుంచీ అది నిజంగానే అలవాటైపోయింది.

"ఏమోయ్, తర్వాతేంటి?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"తర్వాతది కాదు, మొదలే తప్పు. ఆ రోజు మీకు ఆలోచన రాలేదండీ. నాకు భయం వచ్చింది."

అంతా చెప్పింది, చీటీలో రాసిన మాటతో సహా. ఆయన బట్టల కుప్ప మీద కూలబడ్డాడు.

"నా పెళ్లికోటు గుండీ ఎలక కొట్టేసిందన్నావే!"

"ఎలక పాపం, నోరులేనిది."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "నేనంటే అంత భయమా నీకు?"

"అప్పుడు. చాలా."

అనేశాక ఆమెకు ఏడుపొచ్చింది. ఆ మొహం చూసి ప్రేమా వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి రేపు నేనేం చెప్పను?"

"మీరు పొద్దున్నే వెళ్లి ఆవిణ్ణి పనిలోకి పిలుచుకు రండి. కథ నేను చెప్తాను." చొక్కా హ్యాంగరుకి తగిలించి ఆయన చేతికిచ్చింది. "ముందు వరసలో కూర్చోండి. నేనెక్కడైనా భయపడి ఆగిపోతే, అందించండి."